కొత్త సంవత్సరమా, ప్చుమ్ బెనా, పడవల పండుగా: కంబోడియాకు ఏ పండుగకు వెళ్లాలి?

కంబోడియా వెళ్లేవాళ్లలో ఎక్కువమంది అంగ్‌కోర్ వాట్ చూడ్డానికే తేదీలు ఖరారు చేసుకుంటారు. మధ్యలో పండుగ తగిలితే మంచిదే కదా అనుకుంటారు. అది ఏ పండుగ, ఆ రోజున మీరు ఏ ఊళ్లో ఉన్నారు అన్నదాన్ని బట్టి ఊరేగింపులు కనిపిస్తాయి, లేదంటే వరసగా దించేసిన షట్టర్లు కనిపిస్తాయి. కంబోడియాలోని ఖ్మేర్ ప్రజలకు పెద్ద పండుగలు మూడు: ఏప్రిల్‌లో కొత్త సంవత్సరం, సెప్టెంబర్-అక్టోబర్‌లో పితృదేవతల పండుగ ప్చుమ్ బెన్, నవంబర్‌లో పడవల పండుగ బోన్ ఓమ్ తూక్. ఒక్కోదానికి మూడు రోజులు ప్రభుత్వ సెలవు. మొదటి రెండింటికీ రాజధాని ఫ్నోమ్ పెన్ ఖాళీ అయి పల్లెలు నిండుతాయి, మూడోదానికి పల్లెలన్నీ రాజధానికి దిగుతాయి. అందుకే ముందు తేల్చుకోవాల్సింది ఊరు. టికెట్ తేదీ ఆ తర్వాత.

తేదీలకు మన పంచాంగం చాలు

ఖ్మేర్ నెలల పేర్లు చేత్, పిసాఖ్, ఫొత్రబొత్, అసొచ్, కదెక్, ఫల్గున్ ఇలా ఉంటాయి. మన చైత్ర వైశాఖాలే అవి. పైగా వాళ్లూ మనలాగే అమావాస్యతో నెల ముగిస్తారు కాబట్టి తెలుగు పంచాంగం నేరుగా పనికొస్తుంది. ప్చుమ్ బెన్ అంటే భాద్రపద బహుళ పక్షం, అంటే మన మహాలయ పక్షమే. చివరి రోజు మహాలయ అమావాస్య దగ్గరే పడుతుంది. పడవల పండుగ కార్తీక పౌర్ణమికి అటూ ఇటూ. బుద్ధ జయంతి వీసాక్ బోచియా వైశాఖ పౌర్ణమి. రాజుగారి దుక్కి పండుగ వైశాఖ బహుళ చవితి. కొత్త సంవత్సరానికి మాత్రం చంద్రుడితో పని లేదు. తమిళ పుత్తాండు, మలయాళ విషులాగే అది మేష సంక్రమణాన్ని పట్టుకుని ఏటా ఏప్రిల్ 13-16 మధ్యే వస్తుంది.

రెండు చోట్ల తేడా రావచ్చు. తిథి లెక్కలో ఒక రోజు అటూఇటూ అవుతుంది: 2025లో వైశాఖ పౌర్ణమి మనకు మే 12, వాళ్లకు మే 11. అధిక మాసం మనకు రకరకాల నెలల్లో వస్తుంది, వాళ్లు మాత్రం ఎప్పుడూ ఆషాఢాన్నే రెండుసార్లు లెక్కిస్తారు. 2026లో మనకు అధిక జ్యేష్ఠం, వాళ్లకు రెండు ఆషాఢాలు. భాద్రపదం వచ్చేసరికి ఇద్దరూ మళ్లీ ఒకచోటికి చేరతారు. కాబట్టి పంచాంగం చూసి వారం అనుకోండి. విమానం టికెట్ మాత్రం కంబోడియా ప్రభుత్వం ఏటా ముందుగా విడుదల చేసే సెలవుల జాబితా చూశాకే కొనండి. 2026కి కొత్త సంవత్సరం ఏప్రిల్ 14-16, ప్చుమ్ బెన్ అక్టోబర్ 10-12, పడవల పండుగ నవంబర్ 23-25.

కొత్త సంవత్సరం: సియెమ్ రీప్ అయితేనే

ఖ్మేర్ కొత్త సంవత్సరం చౌల్ చ్నామ్ థ్మే మొదటి రోజును మహా సంక్రాన్ అంటారు. పాత సంవత్సరపు దేవత వెళ్లి కొత్త దేవత దిగివచ్చే ముహూర్తాన్ని జ్యోతిష్కులు గంటా నిమిషంతో సహా ప్రకటిస్తారు. అది ఒక ఏడాది తెల్లవారుజామున పడితే మరో ఏడాది రాత్రి పడుతుంది. దేవతలు ఏడుగురు, కబిల్ మహా బ్రహ్మ కూతుళ్లు. సంక్రమణం ఏ వారం పడితే ఆ వారపు దేవత ఆ ఏడాదిని ఏలుతుంది. ఆ వేళకు ప్రతి ఇంటి ముందూ బల్ల వేసి పళ్లు, పూలు, అగరొత్తులు, కొవ్వొత్తులు, నీళ్లు పెట్టి ఎదురుచూస్తారు. రెండో రోజు పెద్దలకు బట్టలు, పేదలకు దానాలు, గుడి ఆవరణలో ఇసుకతో స్తూపాలు కట్టడం. మూడో రోజు బుద్ధ విగ్రహాలకు పరిమళ జలంతో అభిషేకం చేసి, అవే నీళ్లతో ఇంట్లో అమ్మమ్మ తాతయ్యల కాళ్లూ చేతులూ కడిగి దీవెనలు తీసుకుంటారు.

ఇందులో సగానికి సగం ఇంటి లోపల జరిగే పండుగ. తెలిసిన కుటుంబం లేకుండా ఫ్నోమ్ పెన్‌లో దిగితే మీకు మిగిలేది ఖాళీ రోడ్లే. సంక్రాంతికి హైదరాబాద్ ఎలా ఉంటుందో ఆ రోజుల్లో అక్కడ అలా ఉంటుంది. వట్ ఫ్నోమ్ గుట్ట దగ్గర మాత్రం ఆటలు, జనం ఉంటారు. బయటివాళ్లకు పండుగ కనిపించేది అంగ్‌కోర్ గుళ్ల పక్కనున్న సియెమ్ రీప్‌లో. అక్కడ 2013 నుంచి అంగ్‌కోర్ సంక్రాంత అనే పేరుతో వీధుల్లో, గుళ్ల ఆవరణల్లో సంబరాలు జరుపుతున్నారు. గుడ్డ బంతిని ఆడా మగా జట్లుగా విసురుకునే చౌల్ ఛూంగ్, గట్టి గింజలతో గురిపెట్టి కొట్టే బస్ అంగ్‌కూఞ్, తాడు లాగుడు లాంటి ఆటల్లో కొత్తవాళ్లనూ చేయిపట్టి కలుపుకుంటారు.

ఇబ్బందులు మూడు. మొదటిది ఎండ: ఏప్రిల్ మధ్యలో 38 డిగ్రీలు మామూలే. రెండోది జనం. కంబోడియా పౌరులకు అంగ్‌కోర్‌లో టికెట్ లేదు కాబట్టి దేశం నలుమూలల నుంచీ కుటుంబాలు చాపలు, అన్నం గిన్నెలతో సహా వచ్చి కందకం గట్టున కూర్చుంటాయి. ఆ మూడు రోజులూ గుళ్లను పొద్దున 9 లోపు, మళ్లీ సాయంత్రం 4 తర్వాత చూడటమే మార్గం. మూడోది, కాగితం మీద సెలవు మూడు రోజులే అయినా చిన్న హోటళ్లు, రిపేరు షాపులు, టైలర్లు వారం దాకా తలుపు తీయరు. బస్సు చార్జీలు పెరుగుతాయి. ఏప్రిల్ 12, 13 తేదీల్లో రాజధాని నుంచి బయటికి, 16, 17 తేదీల్లో తిరిగి లోపలికి వచ్చే దారులు గంటల తరబడి నిలిచిపోతాయి. మీ ప్రయాణం ఎదురు దిశలో ఉండేట్టు చూసుకోండి. సియెమ్ రీప్‌కు మాత్రం నేరుగా విమానంలో దిగడమే మేలు.

నీళ్లు చల్లుకోవడం, ముఖానికి పౌడర్ పూయడం రాత్రిళ్లు సియెమ్ రీప్‌లోని పబ్ స్ట్రీట్ చుట్టుపక్కల జోరుగా ఉంటుంది. ఫోన్‌కు ప్లాస్టిక్ సంచీ కట్టుకోండి. భిక్షువుల మీద, పెద్దవాళ్ల మీద, నడుస్తున్న మోటర్‌సైకిళ్ల మీద నీళ్లు పోయకూడదు. చివరిదాని వల్ల నిజంగానే ప్రమాదాలు జరుగుతాయి.

పాతికేళ్ల స్నేహితుల గుంపుకు ఈ పండుగ నప్పుతుంది. అరవై దాటిన అమ్మానాన్నలతో, చంటిపిల్లలతో అయితే ఎండ ఒక్కటే చాలు, వద్దనడానికి.

ప్చుమ్ బెన్: సెలవు రోజుల్లో కాదు, అంతకు ముందు వారం

తెలుగువాళ్లకు అన్నిటికన్నా దగ్గరగా తోచేది ఇదే, కానీ ప్రయాణాల ప్రణాళికల్లో అందరూ వదిలేసేదీ ఇదే. పదిహేను రోజుల పండుగ. ఆ పక్షంలో యమలోకపు తలుపులు తెరుస్తారని, ఆకలితో ఉన్న ప్రేతలు తమవాళ్లు పెట్టిన అన్నం కోసం ఏడు గుళ్లు వెతుకుతాయని, ఎక్కడా దొరక్కపోతే శపించి పోతాయని నమ్మకం. మొదటి పద్నాలుగు రోజులు కాన్ బెన్: గుడికి చెందిన కుటుంబాలో వాడలో వంతులవారీగా ఒక్కో రోజు బాధ్యత తీసుకుంటాయి. పదిహేనో రోజు అందరూ కలిసి చేసేది ప్చుమ్.

తెల్లవారుజామున సుమారు 4 గంటలకు అసలు క్రతువు. జిగురు బియ్యం అన్నంలో నువ్వులు కలిపి నిమ్మకాయంత పిండాలు చేసి పళ్లెంలో పేరుస్తారు. పక్కన ఒక కొవ్వొత్తి, అగరొత్తులు. ప్రధాన ఆలయం చుట్టూ మూడు ప్రదక్షిణలు చేస్తూ, చనిపోయినవాళ్ల పేర్లు తలుచుకుంటూ, ముద్దలను చీకట్లోకి విసురుతారు. పాపభారం మోసే ప్రేతలు వెలుగుకు భయపడతాయట, అందుకే పొద్దు పొడవకముందే ముగించాలి. పొద్దెక్కాక క్యారేజీల్లో ఇంటి వంట తెచ్చి భిక్షువులకు సమర్పిస్తారు. వరసగా పెట్టిన భిక్షాపాత్రల్లో ఒక్కో గరిటె అన్నం వేసుకుంటూ పోతారు. భిక్షువులు మధ్యాహ్నం దాటాక తినరు కాబట్టి 11 లోపే ఇదంతా అయిపోతుంది. చాలామంది పర్యాటకులు గుడికి 12కు వెళ్లి కడుగుతున్న గిన్నెలు చూసి వస్తారు.

మా సలహా ఒకటే: మూడు రోజుల సెలవులో వెళ్లకండి, అంతకు ముందు వారం వెళ్లండి. నాలుగు గంటల క్రతువు రోజూ ఉంటుంది. ఊళ్లో దుకాణాలు, హోటళ్లు, బస్సులు మామూలుగా నడుస్తుంటాయి. గుళ్లో జనం ఉంటారు గానీ తోపులాట ఉండదు, పక్కన నిలబడ్డ బామ్మ మీ చేతిలో ఓ ముద్ద పెట్టి ఎటు విసరాలో చూపించే తీరిక ఉంటుంది. ఫ్నోమ్ పెన్‌లో వట్ లంకా, వట్ ఉణాలోమ్, సియెమ్ రీప్‌లో వట్ బో, వట్ డమ్‌నాక్ నడిచి వెళ్లేంత దూరంలో హోటళ్లున్న గుళ్లు. చివరి రోజున ఊళ్లో ఉండిపోతే మాత్రం కాండాల్ ప్రావిన్సులోని విహియర్ సువర్ గ్రామానికి పొద్దున్నే వెళ్లొచ్చు. ఆ రోజు అక్కడ దున్నపోతుల పందాలు ఆడతారు. రాజధాని నుంచి పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి తిరిగి రాగల దూరమే, కానీ బండి ముందు రోజే మాట్లాడి పెట్టుకోవాలి. ఆ ఉదయం వీధిలో నిలబడితే టుక్‌టుక్ దొరకదు.

తెల్లని లేదా లేత రంగు చొక్కా, మోకాళ్లు దాటే బట్టలు, జేబులో 500, 1,000 రియెల్ చిల్లర నోట్లు ఉంటే సరిపోతుంది. పిండాలు విసిరేటప్పుడు ఫ్లాష్ వేయకూడదు. చీకటి కావాలనే కదా ఆ వేళ పెట్టుకున్నారు. స్త్రీలు భిక్షువులను తాకకూడదు. ఇచ్చేదేదైనా వాళ్ల చేతికివ్వకుండా ముందున్న పళ్లెంలోనో గుడ్డ మీదో పెట్టాలి. నేల మీది ముద్దలను దాటుకుంటూ నడవడం అమర్యాద.

పండుగ పిండివంట అన్సోమ్: అరటాకులో చుట్టి ఉడికించిన జిగురన్నం. శాకాహారులు పేరు మొత్తం విని తీసుకోవాలి. అన్సోమ్ చేక్‌లో అరటిపండు ఉంటుంది, అన్సోమ్ ఛ్రూక్‌లో పెసరపప్పుతో పాటు పందిమాంసం ఉంటుంది. కట్ట కట్టి వేలాడదీసినప్పుడు రెండూ ఒకేలా కనిపిస్తాయి. కొబ్బరి, తాటిబెల్లం పూర్ణం పెట్టి ఆవిరి మీద ఉడికించే నుమ్ కోమ్ అయితే అలాంటి సందేహం లేదు.

వర్షం సంగతి దాచలేం. ఆ పక్షం వానాకాలం నడిమధ్య వస్తుంది. మధ్యాహ్నం వానలు ఖాయం, పల్లె దారులు బురద. కానీ మీకు కావాల్సినవి తెల్లవారుజామున, ఉదయం జరుగుతాయి. ఆ వేళ ఆకాశం సాధారణంగా తెరిపిగానే ఉంటుంది. కొన్నేళ్లు సెప్టెంబర్ 24 రాజ్యాంగ దినోత్సవం లేదా అక్టోబర్ 15 మాజీ రాజు సిహానూక్ సంస్మరణ దినం పక్కనే పడి సెలవు సాగుతుంది. 2025లో సెప్టెంబర్ 21 నుంచి 24 దాకా వరసగా నాలుగు రోజులు ఆఫీసులు మూసే ఉన్నాయి.

పడవల పండుగ: ఫ్నోమ్ పెన్, ముందుగా గది

వానాకాలంలో మీకాంగ్ నది పొంగి టోన్లే సాప్ నదిని వెనక్కి తోస్తుంది. నీరు ఎగువకు ప్రవహించి టోన్లే సాప్ సరస్సును సుమారు 2,500 చదరపు కిలోమీటర్ల నుంచి అయిదారు రెట్లకు పెంచుతుంది. వానలు తగ్గాక నది మళ్లీ దిశ మార్చుకుని సముద్రం వైపు సాగుతుంది. ఈ మలుపుకు చేసే పండుగే బోన్ ఓమ్ తూక్. ఊరూరి నుంచీ వచ్చిన పొడవాటి పడవలు, ముక్కు మీద కళ్లు చిత్రించినవి, ఒక్కోదానిలో 70-80 మంది తెడ్లు వేసేవాళ్లతో, రాజభవనం ముందు టోన్లే సాప్ మీద జంటలు జంటలుగా పోటీపడతాయి. మధ్యాహ్నం నుంచి సూర్యాస్తమయం దాకా పందాలు. చీకటి పడ్డాక మంత్రిత్వ శాఖలు అలంకరించిన దీపాల తెప్పలు, బాణసంచా. మొదటి రెండు రోజులు వడపోత, మూడో రోజు గెలుపోటములు.

పౌర్ణమి రాత్రి చంద్రుడికి మొక్కు ఉంటుంది. అప్పుడు తినే అంబోక్ మన అటుకులే. కొత్త జిగురు ధాన్యాన్ని పొట్టుతోనే వేయించి, వేడి మీదే రోట్లో దంచి, చెరిగి తీస్తారు. అరటిపండు, కొబ్బరినీళ్లతో కలిపి నోటి నిండా కుక్కుకుని చంద్రుణ్ణి చూస్తూ తినాలి. కార్తీక పౌర్ణమి ఉపవాసం విడిచేవాళ్లకు ఇంతకన్నా మంచి ఫలహారం ఆ ఊళ్లో దొరకదు. కొన్నప్పుడు వాసన చూడండి, తాజాది వేయించిన ధాన్యపు కమ్మదనంతో మెత్తగా ఉంటుంది, రెండు రోజులు దాటితే గట్టిపడుతుంది.

గది ‘సిసోవత్ కే’ అనే నది ఒడ్డు దారి నుంచి నడిచి పోయేంత దూరంలో ఉండాలి, ఇది రాజీపడే విషయం కాదు. పండుగ మూడు రోజులూ ఆ దారుల్లో వాహనాలు నిలిపేస్తారు. అద్దె ఆదా అవుతుందని ఊరి చివర గది తీసుకుంటే రాత్రి 9 గంటలకు జనప్రవాహానికి ఎదురీదుతూ నడవాల్సి వస్తుంది. రాజభవనం ఎదుటి గట్టు ప్రముఖుల కోసం కట్టడి చేస్తారు కాబట్టి దానికి ఉత్తరాన వట్ ఉణాలోమ్ నుంచి రాత్రి బజారు దాకా ఉన్న గట్టు చూసుకోండి. పిల్లలుంటే ఎదురొడ్డు ఛ్రోయ్ చాంగ్వార్ వైపు ఊపిరాడుతుంది.

2010 నవంబర్ 22న, పండుగ చివరి రాత్రి, కో పిచ్ దీవి వంతెన మీద జరిగిన తొక్కిసలాటలో 340 మందికి పైగా చనిపోయారు. అందుకే రెండు జాగ్రత్తలు: బాణసంచా పూర్తయ్యేదాకా ఆగకుండా పావుగంట ముందే బయలుదేరండి, ఇరుకు వంతెనల మీదికి ఏ రాత్రీ వెళ్లకండి. ఫోన్ సిగ్నల్ అందని గంటలుంటాయి, తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే ఒక గుర్తు చెప్పుకోండి.

ఇంకో సంగతి, ఇది రద్దయ్యే పండుగ. 2011లో వరదల వల్ల, 2015లో నీరు తక్కువై రాజధాని పందాలు ఆపేశారు. మార్చుకోగల టికెట్, రద్దు చేసుకోగల గది తీసుకోవాలి. సియెమ్ రీప్ నది మీదా చిన్న పందాలు జరుగుతాయి. అవి చూడ్డానికి హాయిగా ఉంటాయి గానీ రాజధాని పందాలు చూసినట్టు కాదు.

మొదటిసారి కుటుంబంతో వెళ్లేవాళ్లకు మూడింటిలో మా ఓటు దీనికే. వానలు వెనక్కి తగ్గి ఉంటాయి, వేడి తగ్గుతుంది, దుకాణాలు తెరిచే ఉంటాయి, చూడాల్సింది వీధిలోనే ఉంటుంది. ఫ్నోమ్ పెన్ ముందు, సియెమ్ రీప్ తర్వాత పెట్టుకోండి. ఒక చిక్కు: అంగ్‌కోర్ వాట్ పై అంతస్తు బకాన్‌ను బౌద్ధ పర్వదినాల్లో మూసేస్తారు. పౌర్ణమి, అమావాస్య, రెండు అష్టములు లెక్కలోకి వస్తాయి. పండుగ ముగిశాక రెండు మూడు రోజులకు వెళ్తే ఆ ఇబ్బంది తగలదు.

మిగతావి

మేలో వచ్చే రాజుగారి దుక్కి పండుగ ఒక్క ఉదయం ముచ్చట. దుక్కి అయ్యాక రాజ ఎద్దుల ముందు ఏడు పళ్లేలు పెడతారు: వడ్లు, మొక్కజొన్న, చిక్కుడు గింజలు, నువ్వులు, గడ్డి, నీళ్లు, మద్యం. అవి దేన్ని ముట్టుకుంటే దాన్ని బట్టి రాజ బ్రాహ్మణులు ఆ ఏటి పంట చెబుతారు. మద్యం తాగితే అరిష్టం. ఏరువాక తెలిసినవాళ్లకు ఆసక్తిగా ఉంటుంది, కానీ కొన్నేళ్లు దీన్ని రాజధానిలో కాక ఏదో ప్రావిన్సులో పెడతారు. వేదిక తెలియకుండా దీని కోసమే టికెట్ కొనడం దండగ.

జనవరి 7 విజయ దినం, మే 14 రాజు పుట్టినరోజు, అక్టోబర్ 29 పట్టాభిషేక దినం, నవంబర్ 9 స్వాతంత్ర్య దినం లాంటివి ఆఫీసు సెలవులు. బ్యాంకులు, ప్రభుత్వ కార్యాలయాలు మూసుకుంటాయి, బజారు నడుస్తుంది. పాత జాబితాలు నమ్మకండి. మాఘ పౌర్ణమి మేక్ బోచియా, డిసెంబర్ 10 మానవ హక్కుల దినం లాంటివాటిని 2020 నుంచి సెలవుల్లోంచి తీసేశారు. దీనికి ఎదురు, చైనా కొత్త సంవత్సరం జాబితాలో లేకపోయినా రాజధానిలో సగం హోల్‌సేల్ దుకాణాలు మూతపడతాయి. కంబోడియాతో సరుకు లావాదేవీలున్నవాళ్లు ఆ వారంలోనూ, ఏప్రిల్ 10-20 మధ్యా, ప్చుమ్ బెన్ చివరి వారంలోనూ ఏ గడువూ పెట్టుకోకపోవడం మంచిది.

అంగ్‌కోర్ టికెట్ ఒక రోజుకు 37, మూడు రోజులకు 62, ఏడు రోజులకు 72 డాలర్లు. పండుగ రోజుల్లో ధర మారదు. డాలరు నోటు కాస్త చిరిగినా తీసుకోరు. సెలవులకు ముందు రోజే రియెల్ చిల్లర తెచ్చుకోండి, ఏటీఎంలు రెండో రోజుకే ఖాళీ అవుతుంటాయి. భారతీయులకు వీసా తప్పనిసరి. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్, కౌలాలంపూర్, సింగపూర్ మీదుగా వెళ్లేవాళ్లే ఎక్కువ. అయితే థాయ్‌లాండ్ నుంచి రోడ్డు దారిలో దాటాలనుకుంటే 2025 సరిహద్దు ఘర్షణలతో ఆ ద్వారాలు మూతపడ్డాయి, తాజా పరిస్థితి చూడకుండా నమ్ముకోవద్దు. శాకాహారులు అడగాల్సిన మాట ‘మ్హోప్ బువాహ్’. మాంసం వద్దు అని మాత్రమే చెబితే కూరలో చేపల పచ్చడి ప్రహోక్, చేపల సాస్ మామూలుగానే పడతాయి, ఎందుకంటే వాళ్ల లెక్కలో అవి ఉప్పు కింద జమ.